రైలు రాని ఊరివాడు చెప్పే రిజర్వేషన్ కథ

ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళే మా సాఫ్ట్‌వేర్ జనానికి ఒక ప్రశ్న తప్పదు. "పది లక్షలమంది ఒకేసారి వచ్చి పడితే తట్టుకునే సిస్టం ఒకటి డిజైన్ చెయ్యండి" అంటారు. బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు వేసి, ఇది లోడ్ బ్యాలెన్సరు, ఇది కాషు, ఇవి పది డేటాబేసులు అని చెప్పాలి. ఉదాహరణలేమో ఎప్పుడూ యూట్యూబు, ట్విట్టరు, అమెజాను. మన కళ్ళ ముందే, అదీ మన సికింద్రాబాద్ గడ్డ మీద నడిచిన పాఠం ఒకటుండగా కాలిఫోర్నియా దాకా పోవడం ఎందుకా అనిపిస్తుంది నాకు. అదే రైలు రిజర్వేషను. ఈ టపా దాని చరిత్ర గురించి. చరిత్రతో పాటు నాదొక వాదన కూడా ఉంది. అది చివర్లో చెప్తాను, అప్పటిదాకా కాస్త ఓపిక పట్టండి.

ముందుగా ఒక మాట. మాది తిరువూరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. బెజవాడ నించి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద, తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే బెజవాడో, మధిరో, ఖమ్మమో పోవాలి. రైలే రాని ఊరివాడికి రిజర్వేషన్ గురించి మాట్లాడే హక్కేంటని అడగొచ్చు. నా ఉద్దేశంలో మాకే ఎక్కువుంది. స్టేషను పక్కన ఇల్లున్నవాడికి ఏ పద్ధతైనా ఒకటే, లేచి వెళ్ళి నిలబడతాడు. పద్ధతి మంచిదా కాదా అన్నది దూరంగా ఉన్నవాడికే తెలుస్తుంది.

యూట్యూబు కన్నా బెర్తు కష్టం

ఒక సినిమా పాట కోటిమంది చూడొచ్చు. ఆ వీడియోకి వెయ్యి కాపీలు తీసి ప్రపంచమంతా పెట్టేస్తే చాలు, ఎవరికి దగ్గర్లో ఉన్న కాపీ వాళ్ళు చూసుకుంటారు. లైకుల లెక్కలో నాలుగు అటూఇటూ ఐనా ఎవరూ కోర్టుకెళ్ళరు. బెర్తు అలా కాదండీ. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, ఫలానా తారీకున, ఎస్‌5 బోగీలో 23వ నంబరు బెర్తు ఒక్కటే ఉంటుంది. దానికి కాపీలు తియ్యలేం. బెజవాడ నించి ఒకరు, హైదరాబాద్ నించి ఒకరు, బెంగుళూరు నించి ఒకరు ఒకే క్షణంలో అడిగితే ఒకరికే ఇవ్వాలి. మిగతా ఇద్దరికీ "లేదు" అని చెప్పాలి, అదీ త్వరగా చెప్పాలి. ఇద్దరికీ ఇచ్చేస్తే అర్ధరాత్రి బోగీలో కొట్టుకుంటారు.

పైగా బెర్తనేది ఒక్క వస్తువు కూడా కాదు. సికింద్రాబాద్‌లో ఎక్కినాయన బెజవాడలో దిగిపోతే, అక్కణ్ణించి విశాఖ దాకా అదే బెర్తు ఇంకొకరికి అమ్మాలి. అంటే ప్రతి బెర్తుకీ, ప్రతి రోజుకీ, దారిలో ఉన్న ప్రతి స్టేషను నించి ప్రతి స్టేషనుకీ లెక్క. దాని మీద మళ్ళీ ఆడవాళ్ళ కోటా, మిలిటరీ కోటా, తత్కాల్ కోటా వగైరా.

డేటాబేసు భాషలో దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. జరిగితే పూర్తిగా జరగాలి, లేకపోతే అసలు జరగకూడదు. ఇద్దరు ఒకేసారి చేసినా ఒకరి తర్వాత ఒకరు చేసినట్టే ఫలితం ఉండాలి. ఒకసారి ఇచ్చిన మాట కరెంటు పోయినా నిలబడాలి. ఈ లక్షణాలన్నిటికీ కలిపి 1983లో హార్డర్, రాయిటర్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు "యాసిడ్" అని ముద్దుపేరు పెట్టారు. చూసేవాళ్ళు పెరిగితే సర్వర్లు కొని తట్టుకోవచ్చు. కానీ వంద సర్వర్లు పెట్టినా, ఆ 23వ బెర్తు దగ్గరకొచ్చేసరికి అందరూ ఒకరి వెనక ఒకరు నిలబడాల్సిందే. ఇవాళ సిస్టం డిజైన్ పేరుతో చెప్పుకునే తంటాలన్నీ ఎక్కువభాగం ఈ నిలబడే చోటుని ఎలా చిన్నది చెయ్యాలా అన్నదే.

లావుపాటి పుస్తకాల కాలం

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ పుస్తకాల్లో జరిగేది. రైలుకొకటి, రోజుకొక పేజీ చొప్పున చార్టులు. ఫలానా కౌంటర్లో ఫలానా రైళ్ళకే టికెట్లు. ఒక లైన్లో గంటసేపు నిలబడి ముందుకెళ్ళాక "ఈ రైలుకి ఇక్కడ కాదు, ఆ చివర" అనిపించుకున్న అనుభవాలు మా ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఉన్నాయి. తిరువూరులో పొద్దున్నే మొదటి బస్సెక్కి, మైలవరం మీదుగా బెజవాడ చేరి, లైన్లో నిలబడి, పని అయ్యో కాకో సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్ళు. ఒక టికెట్టుకి ఒక రోజు కూలి పోయినట్టే.

కానీ ఇంజినీరు కళ్ళతో చూస్తే ఆ పుస్తకం గొప్ప డేటాబేసు. పుస్తకం ఒకటే, రాసే పెన్ను ఒకటే. ఒకే బెర్తు ఇద్దరికి అమ్మడం కుదరదు. లాక్ అంటే అదే. దాని రోగం కూడా అదే. జనం ఎక్కువయ్యారని పక్కన ఇంకో గుమాస్తాని కూర్చోబెడితే ఉపయోగం లేదు, పుస్తకం ఒకటే కాబట్టి.

దీనికి రైల్వేవాళ్ళు కనిపెట్టిన మందు కోటా. రైల్లో ఉన్న బెర్తుల్ని ముందే పంచేస్తారు. బయల్దేరే స్టేషనుకి ఇన్ని, దారిలో ఉన్న పెద్ద స్టేషనుకి ఇన్ని. ఎవరి వాటా వాళ్ళు ఎవర్నీ అడక్కుండా అమ్ముకోవచ్చు. ఇవాళ మేం డేటాని ముక్కలు చేసి వేరే వేరే మెషీన్ల మీద పెట్టి, షార్డింగ్ అని పేరు పెట్టుకుని, కాన్ఫరెన్సుల్లో ఉపన్యాసాలిస్తాం. అదే పని గుమాస్తాలు కార్బన్ పేపరుతో చేశారు. :)

దీని ఖరీదు కూడా అప్పుడే తెలిసింది. ఒక స్టేషను వాటాలో బెర్తులు ఖాళీగా పడుంటాయి, ఇంకో స్టేషన్లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటుంది. ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి తెలీదు. బెజవాడలో కూర్చుని ఢిల్లీ నించి తిరుగు ప్రయాణానికి టికెట్టు కావాలంటే అక్కడికి టెలిగ్రాం కొట్టి, జవాబు కోసం ఎదురుచూడాలి. విడగొడితే వేగం వస్తుంది, కలిసి లెక్క చూసుకునే వీలు పోతుంది. ఇప్పటికీ మా వృత్తిలో ఈ బేరం మారలేదు.

1985, ఢిల్లీ

ఈ చిక్కుని కంప్యూటరుతో విప్పొచ్చని మొదట చూపించినవాళ్ళు విమానాలవాళ్ళూ, జపాను రైల్వేవాళ్ళూ. జపాన్‌లో మార్స్-1 అనే సిస్టం 1960లో మొదలైంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఐబీఎంతో కలిసి కట్టిన సేబర్ 1964 నాటికి పూర్తిగా నడుస్తోంది. అన్నట్టు, మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ అనే శాస్త్రానికి ఈ టికెట్ల గొడవలే పుట్టిల్లు. కాడ్ దొరగారి రిలేషనల్ డేటాబేసు పేపరు వచ్చింది 1970లో. అంటే డేటాబేసు సిద్ధాంతం కన్నా టికెట్టు ముందు పుట్టింది.

మన దేశంలో ఆ పని సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ చేతికొచ్చింది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళిపోతే, వాళ్ళ మెషీన్ల మరమ్మతులు చూసుకున్నది ఈ సీఎంసీయే. వీళ్ళు రాసిన సిస్టం పేరు ఇంప్రెస్. 1985లో ఢిల్లీలో, వాక్స్ కంప్యూటర్ల మీద మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఆ తర్వాత సికింద్రాబాద్. 1986లో రైల్వేశాఖ తన సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్‌ని పెట్టుకుంది. సీఎంసీ ఏమో తర్వాత టాటాల చేతికెళ్ళి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.

ఇంప్రెస్ వల్ల మారిందేంటంటే, ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టికెట్టు ఇవ్వొచ్చు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ అసలు విప్లవం అదే. అప్పటిదాకా పుస్తకం, దాన్ని పట్టుకున్న మనిషి ఒకటే. ఇప్పుడు పుస్తకం లోపలి గదిలో ఉన్న మెషీన్లోకి వెళ్ళింది. లాక్ కూడా మనిషి చేతిలోంచి జారి ఆ మెషీన్లోకి పోయింది. గుమాస్తా ఎంతసేపు పట్టుకుంటే అంతసేపుండే లాక్ ఇప్పుడు సెకనులో చిన్న ముక్కకి తగ్గింది. ఎవరి ముందు కూర్చుంటే ఏ రైలు దొరుకుతుందన్న లెక్క పోయింది. తెలిసినాయన కౌంటర్లో ఉంటే పనైపోతుందన్న ధీమాకి కూడా అక్కణ్ణించే దెబ్బ పడటం మొదలైంది.

సికింద్రాబాద్, సెప్టెంబరు 1994

ఐతే ఐదు ఊళ్ళలో ఐదు ఇంప్రెస్‌లు అంటే ఐదు ద్వీపాలు. సికింద్రాబాద్ మెషీనుకి ఢిల్లీ మెషీను సంగతి తెలీదు. గుమాస్తాల మధ్య గోడలు పోయాయి కానీ ఊళ్ళ మధ్య గోడలు అలాగే ఉన్నాయి. వాటిని కూలగొట్టడానికి క్రిస్ వాళ్ళు రాసిన సిస్టం పేరు కాన్సర్ట్. అది దేశంలో మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదూ కలిసిపోయాయి. ఆ తర్వాత బెజవాడ కౌంటర్లో నిలబడి కలకత్తా నించి పాట్నాకి టికెట్టు తీసుకోవడం మామూలు సంగతైపోయింది.

గూగుల్ పుట్టింది 1998లో. అమెజాన్ వాళ్ళ ప్రసిద్ధ డైనమో పేపరు 2007లో వచ్చింది. అంతకుముందే, మనదేశపు ఫోన్ లైన్ల మీద, ఐదు నగరాల మధ్య పంచిన డేటాబేసు ఒకటి ఒక్క బెర్తు తేడా రాకుండా నడవాలి. ఎలా చేశారు?

అందులో ముఖ్యమైన నిర్ణయం ఒకటుంది. మొత్తం డేటాని ఐదు చోట్లా కాపీలు పెట్టలేదు. ప్రతి రైలుకీ ఒక ఇల్లు నిర్ణయించారు. ఈ రైలు సికింద్రాబాద్‌ది, ఆ రైలు ఢిల్లీది. మీరు ఎక్కడ అడిగినా ఆ అడిగిన మాట ఆ రైలు ఇంటికే వెళ్తుంది, అక్కడే లాక్ పడుతుంది, అక్కడే బెర్తు రాసుకుంటారు, జవాబు తిరిగొస్తుంది. ఆ మాటని జారిపోకుండా చేర్చడానికి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీవాళ్ళ ఆర్‌టీఆర్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేరు వాడారు.

రైలు ప్రకారమే ఎందుకు విడగొట్టారో ఆలోచించండి. ప్రయాణీకుడి పేరు ప్రకారం విడగొట్టొచ్చు, టికెట్టు కొన్న ఊరి ప్రకారం విడగొట్టొచ్చు. అలా చేస్తే ఒక్క బెర్తు ఇవ్వడానికి రెండు మూడు ఊళ్ళ మెషీన్లు మాట్లాడుకుని, "నువ్వు సరేనా, నేను సరే" అనుకోవాలి. మధ్యలో ఒక లైను తెగితే అందరూ ఇరుక్కుంటారు. అదే రైలు ప్రకారమైతే, కొట్లాట ఎక్కడ జరుగుతుందో ఆ సరుకంతా ఒకే ఇంట్లో ఉంటుంది. ఢిల్లీ మెషీను పడిపోతే ఢిల్లీ రైళ్ళకే ఇబ్బంది, మన రైళ్ళు నడుస్తాయి. డేటాని ముక్కలు చెయ్యడం ఎవరైనా చేస్తారు. ఏ గీత మీద కొయ్యాలో తెలియడమే పనితనం.

2000లో ఎరిక్ బ్రూవర్ అనే ప్రొఫెసరు ఒక సంగతి చెప్పాడు. మెషీన్ల మధ్య లైను తెగినప్పుడు రెండిట్లో ఒకటే దొరుకుతుంది, సరైన జవాబో, లేక ఎప్పుడూ ఏదో ఒక జవాబో. 2002లో గిల్బర్ట్, లించ్ దాన్ని లెక్కగా రుజువు చేశారు. క్యాప్ సిద్ధాంతం అని ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. రైల్వేవాళ్ళ జవాబు అప్పటికే కౌంటరు మీద కనిపిస్తోంది. లింకు పోతే "లింకు లేదండీ, ఆగండి" అంటారు. తిట్టుకుంటాం. కానీ లింకు లేకపోయినా అమ్మేసి, తర్వాత "సారీ, ఇంకొకరికి కూడా అమ్మాం" అనడం కన్నా అదే నయం.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. బెర్తులైపోతే సిస్టం "ఎర్రర్" అనదు. ఆర్ఏసీ 12 అంటుంది, వెయిటింగ్ లిస్ట్ 47 అంటుంది. కాదు అనే బదులు మీ చేతిలో వరస నంబరు పెడుతుంది. ఎవరైనా మానుకుంటే నంబరు ముందుకి జరుగుతుంది, చార్టు తయారయ్యేటప్పుడు మిగిలిన కోటాలన్నీ కలిపి పంచుతారు. ముందు విడగొట్టి వేగంగా అమ్మడం, చివర్లో కలిపి లెక్క సరిచేసుకోవడం. మా భాషలో రికన్సిలియేషన్. జనానికి వరస ఎక్కడుందో కనిపిస్తుంది, అది ఎంత కదిలిందో కూడా కనిపిస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీంతో పనుంది.

కౌంటర్లు పోయి కీబోర్డులు వచ్చాక

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో టికెట్లు అమ్మడం మొదలైంది. మొదట్లో నెట్లో కొన్నా, అచ్చేసిన టికెట్టు కొరియర్లో ఇంటికొచ్చేది. మనమే ప్రింటు తీసుకునే ఈ-టికెట్టు 2005లో వచ్చింది. మాలాంటి ఊళ్ళకి ఇది పెద్ద వరం. బెజవాడ బస్సు ఖర్చు, ఒక రోజు పని మిగిలాయి. ఊళ్ళో నెట్ సెంటరుకి వెళ్తే చాలు.

ఐతే ఇంజినీర్లకి మాత్రం కొత్త చావొచ్చింది. కౌంటరు అనేది తెలీకుండానే ఒక ఆనకట్ట. దేశంలో ఎన్ని కౌంటర్లుంటే ఒక క్షణంలో అన్ని ప్రశ్నలే మెషీనుకి చేరతాయి. మిగతా జనమంతా బయట లైన్లో, ఎండలో ఉంటారు. వెబ్‌సైటు ఆ ఆనకట్టని తీసేసింది. తత్కాల్ గేటు తెరిచే వేళకి దేశమంతా ఒకేసారి బటను నొక్కుతుంది. 1997లో మొదలైన తత్కాల్, ఆ మామూలు బుకింగూ ఒకప్పుడు రెండూ పొద్దున్న 8 గంటలకే తెరుచుకునేవి. 2012 జులైలో తత్కాల్‌ని 10 గంటలకి మార్చారు. 2015 జూన్‌లో ఏసీకి 10, స్లీపర్‌కి 11 అని విడగొట్టారు. ఒక్క సర్వరు కొనకుండా, గడియారంతో చేసిన లోడ్ బ్యాలెన్సింగ్ ఇది. :)

సర్వర్లూ పెంచారు. 2014 ఏప్రిల్‌లో కొత్త సిస్టం పెట్టినప్పుడు నిమిషానికి 2,000 టికెట్ల నించి 7,200కి పెరిగిందని చెప్పారు. 2025 జూన్‌లో రైల్వేశాఖ ఇచ్చిన లెక్క ప్రకారం నిమిషానికి 32,000 టికెట్లు, 4 లక్షల ఎంక్వయిరీలు. కొత్తగా కట్టే సిస్టం లక్ష్యం నిమిషానికి లక్షన్నర టికెట్లు, 40 లక్షల ఎంక్వయిరీలు అన్నారు.

ఈ అంకెల్లో ఒక పాఠం ఉంది. కొనేవాళ్ళ కన్నా అడిగేవాళ్ళు పది రెట్లు పైనే. "ఉన్నాయా?" అనే ప్రశ్నకి జవాబు కొన్ని సెకన్లు పాతదైనా కొంప మునగదు. దాన్ని మెమరీలో కాపీలు పెట్టి ఎంతమందికైనా చెప్పొచ్చు. "ఇవ్వండి" అన్నప్పుడు మాత్రం అసలు పుస్తకం తెరవాలి. అందుకే తెర మీద 6 ఉన్నాయని చూపించి, డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్ట్ రావడం జరుగుతుంది. చదివేదాన్ని రాసేదాన్నించి వేరు చేసిన ప్రతి సిస్టంలోనూ ఈ సందు ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చూడండి. ముందు డబ్బు, తర్వాత బెర్తు. ఒక్కోసారి ఖాతాలోంచి డబ్బు పోయి, టికెట్టు రాక, తర్వాత వెనక్కొస్తుంది. జనానికి ఒళ్ళు మండుతుంది. కానీ తిరగేసి చూడండి. ముందు బెర్తు పట్టి ఉంచి, మీరు బ్యాంకు పాస్‌వర్డు వెతుక్కునేదాకా ఆగితే, పది దొంగ ఖాతాలున్నవాడు బోగీ మొత్తం ఊరికే పట్టి కూర్చుంటాడు. లాక్ చేతిలో పెట్టుకుని బయటివాళ్ళ కోసం ఎదురుచూడకూడదన్నది మా వృత్తిలో పాత సూత్రం.

ఇంతకీ నా వాదన

ఇప్పుడు ఆ వాదనకొద్దాం. పాత స్లీపర్ బోగీలో 72 బెర్తులు, కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీలో 80. సంక్రాంతికి హైదరాబాద్ నించి బెజవాడ వైపు వచ్చే ఒక రైల్లో తత్కాల్ కింద ఉండేవి ఎన్ని? కొన్ని వందలు. సిస్టం నిమిషానికి 32,000 అమ్మినా, లక్షన్నర అమ్మినా, ఆ వందలు వేలు కావు. వేగం పెరిగితే ఆ బెర్తులు ఇంకా తొందరగా అయిపోతాయి, అంతే.

అంటే స్కేల్ పెంచితే వరస పోలేదు, వరస కనబడటం మానేసింది. ఒకప్పుడు బెజవాడ లైన్లో ముందెవరున్నారో కళ్ళతో చూసేవాళ్ళం. ఇప్పుడు అదే వరస మిల్లీసెకన్లలో నిలబడుతోంది. అక్కడ ముందు ఎవరుంటారు? మంచి లైనున్నవాడు, వేగంగా టైపు చేసేవాడు, అన్నిటికన్నా ముందు మనిషి కాని ప్రోగ్రాము. 2017 డిసెంబరులో తత్కాల్ టికెట్లు గుత్తగా లాగే సాఫ్ట్‌వేరు రాశాడని సీబీఐ ఒక ప్రోగ్రామర్ని అరెస్టు చేసింది. అతను సీబీఐలోనే పనిచేస్తున్నాడు, అంతకుముందు ఐఆర్‌సీటీసీలో చేశాడు! 2025లో రైల్వేశాఖే చెప్పింది, తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్‌లవేనని. రెండున్నర కోట్ల అనుమానాస్పద ఖాతాలు ఆపేశారు. 2025 జులై నించి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి చేశారు, ఏజెంట్లని మొదటి అరగంట రానివ్వడం లేదు.

ఇవన్నీ మంచి పనులే. కానీ పందెం పందెంగానే ఉంది. పాతరోజుల్లో తిరువూరు నించి బెజవాడకి దూరం బస్సులో ఉండేది, ఇప్పుడు సిగ్నల్లో ఉంది. కూలి పని మధ్యలో, రెండు గీతల సిగ్నలున్న ఫోనుతో, సరిగ్గా 11 గంటలకి వేలు పెట్టి కూర్చోలేని మనిషికి ఈ పందెంలో మొదట్నించీ చోటు లేదు.

దీనికి మందు కూడా మన దగ్గరే ఉంది. తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి ఆర్జిత సేవలకి టీటీడీ వాళ్ళు ఎలక్ట్రానిక్ డిప్ పెట్టారు. రెండురోజుల పాటు పేర్లు నమోదు చేసుకుంటారు, తర్వాత లాటరీ తీస్తారు. మొదటి సెకనులో నమోదు చేసుకున్నా, చివరి గంటలో చేసుకున్నా అవకాశం ఒకటే. ఇంజినీరు కోణంలో చూడండి: ఒక్క నిమిషంలో పడే వరద రెండురోజులకి పరుచుకుంటుంది. సర్వర్లు ఊపిరి పీల్చుకుంటాయి. వేగంగా నొక్కే బాట్‌కి ఏ లాభమూ లేదు, ఆధార్‌కి ఒకటే పేరు కాబట్టి.

వరస గురించి ఆలోచించకపోతే ఏమవుతుందో కూడా తిరుపతే చూపించింది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లు ఈ-డిప్‌తో ఇచ్చారు. వెబ్‌సైటు పడిపోతే తిట్టుకుని ఊరుకుంటాం. అదే తప్పు రోడ్డు మీద జరిగితే ప్రాణాలు పోతాయి. రెండు చోట్లా ఇంజినీరింగ్ ప్రశ్న ఒక్కటే: తక్కువున్న సరుకు కోసం ఎక్కువమందిని ఒకే గేటు దగ్గర, ఒకే క్షణానికి రమ్మన్నది ఎవరు?

కాబట్టి నేననేది ఇది. తత్కాల్ గేటు తెరిచాక మొదటి పదిహేను నిమిషాలు ఎవరికీ అమ్మొద్దు. అడిగినవాళ్ళ పేర్లన్నీ తీసుకోండి, ఆధార్‌కి ఒకటి చొప్పున. పదిహేను నిమిషాలయ్యాక లాటరీ తీసి వరస నంబర్లివ్వండి, ఆర్ఏసీ, వెయిటింగ్ లిస్టులతో సహా. మిగిలితే మామూలుగా అమ్ముకోండి. కౌంటర్లో నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా అదే డబ్బాలో వెయ్యండి. "మా నాన్నకి ఒంట్లో బాలేదు, నాకు అర్జెంటు, లాటరీలో రాకపోతే?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ ఇవాళ్టి పద్ధతి కూడా ఎవరి అవసరం ఎంతో చూడటం లేదు, ఎవరి వేలు వేగమో చూస్తోంది. నిజమైన అత్యవసరాలకి వేరే చిన్న కోటా పెట్టుకోవచ్చు. కోటాలు పెట్టడంలో రైల్వేవాళ్ళని మించినవాళ్ళు లేరు కదా.

మా వృత్తిలో స్కేల్ అంటే సెకనుకి ఎన్ని అన్న అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం అలవాటు. పుస్తకాల నించి కాన్సర్ట్ దాకా ఈ చరిత్ర చదివితే నాకు కనిపించింది వేరు. ప్రతి అంచెలోనూ ఎవరో ఒకరు కూర్చుని రెండు ప్రశ్నలు తేల్చారు. ఇందులో కాపీ తియ్యలేని వస్తువేది? దానికోసం ఎవరు, ఎక్కడ ఆగాలి? సికింద్రాబాద్‌లో 1994లో ఆ రెండో ప్రశ్నకి ఇచ్చిన జవాబు జనానికి కనిపించేది, చేతిలో వరస నంబరుగా ఉండేది. ఇప్పుడు లక్షన్నర టికెట్ల కొత్త సిస్టం కడుతున్నప్పుడు ఆ జవాబుని మిల్లీసెకన్ల కింద కప్పెట్టెయ్యకుండా ఉంటే చాలు.

లాటరీ పద్ధతిలో నేను చూడని లోపాలుంటే చెప్పండి, మాట్లాడుకుందాం. రైలున్న ఊళ్ళవాళ్ళు కూడా చెప్పొచ్చు. :)